ఉప్పుమడికి జామీను

రెండు వారాల కిందట గ్రంథాలయం నుంచి నాకొక కార్డు వచ్చింది. డెబ్బయ్యారేళ్ళ బతుకులో నాకు వచ్చిన కాగితాలు తక్కువేమీ కాదు. కలెక్టర్లు రాశారు. హైకోర్టు రెండుసార్లు పిలిచింది. సరే, హైకోర్టు కాదు, విజయనగరంలో కింది కోర్టు; రెండుసార్లు కాదు, ఒక్కసారి; అదీ సాక్షిగా. కానీ ఈ కార్డు పట్టుకుని కూర్చున్నంతసేపు ఏ కాగితం పట్టుకునీ కూర్చోలేదు. ఈ మాటలో మాత్రం కల్తీ లేదు.

కార్డులో ఉన్నది ఇంతే. "సభ్యుడు: ఉప్పుమడి, నౌపడ. తీసుకున్న పుస్తకం గడువు దాటినా తిరిగి రాలేదు. జామీనుదారులైన మీరు పదిహేను రోజుల్లోగా పుస్తకాన్ని అప్పగించగలరు." కింద కొత్త లైబ్రేరియన్ సంతకం. చిన్నపిల్ల, ఈమధ్యే బదిలీ మీద గజపతినగరం వచ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. రిజిస్టరులో ఏముందో అదే రాసింది.

ఆ రిజిస్టరు రాసిన మనిషి పోయి పది నెలలైంది. ఆయన గురించే ఈ నాలుగు మాటలూ. ఆయన పేరు మాత్రం రాయను. రాయకూడదు కూడా. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

గజపతినగరం బజారు వెనక పెంకుటింట్లో శాఖా గ్రంథాలయం. గుమ్మంలో అడుగు పెట్టగానే మైదాజిగురు వాసన కొట్టేది. చిరిగిన పుస్తకాలకు ఆయనే జిగురు కాచేవాడు, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. అందుకని ఆయన కుడిచేతి వేళ్ళ చివర ఎప్పుడూ కొంచెం నీలంగా ఉండేవి. బల్లమీద నీళ్ళలో నానిన స్పాంజిముక్క ఒకటి. వేలు నోట్లో పెట్టి పేజీ తిప్పినవాణ్ణి చూస్తే ఆయనకు ఒళ్ళుమండేది. "ఒరే, అది పుస్తకమా, సపోటాపండా?" అనేవాడు. దారంతో బల్లకు కట్టిన కలం ఇంకొకటి. ఎవరొచ్చినా తల ఎత్తకుండా "సంతకం!" అని ఒక్క కేక.

పుస్తకాన్ని ఊరికే చేతిలో పెట్టేవాడు కాదు. చొక్కా పొట్టకేసి అట్ట తుడిచి, ఒక్క మాట చెప్పి ఇచ్చేవాడు. "ఇది కొంచెం ఏడిపిస్తాది. అన్నం తిని సదువు." "దీంట్లో మొదటి ముప్పై పేజీలు ముసలోడి దగ్గు లాగుంటాది. ఓర్సుకో, తరవాత బాగుంటాది." నేను అడిగిన పుస్తకానికి మాత్రం, "ఇది నీకొద్దు బావా, అబద్ధాలు ఎలా సెప్పాలో నీకు ముందే వొచ్చు," అనేవాడు.

మాకు చుట్టరికమేమీ లేదు. మా వైపు ఇద్దరు మగాళ్ళు రోజూ పోట్లాడుకుంటే బావలైపోతారు, అంతే.

నేను రోజూ పదింటికి వెళ్ళేవాణ్ణి. పాఠకులు తక్కువ. ఎండాకాలం అయిదుగురు, వానాకాలం ఇద్దరు. జిల్లా నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు హాజరు పుస్తకం చూసి పెదవి విరిచి పోయేవారు. ఆయన మీద జాలిపడి ఒకనాడు నా సంతకం కింద మరో రెండు సంతకాలు వేరువేరు చేతిరాతలతో గిలికాను. ఆయన అప్పుడు కూడా తలెత్తలేదు. ఎర్రసిరా కలం తీసి రెండిటినీ కొట్టేశాడు.

"ఒక్కడివే వచ్చావు. ముగ్గురెలా అయిపోనావు?"

"నీ మేలుకేరా బావా."

"ఇద్దరు దొంగ పాఠకుల కన్నా ఒక్క నిజం పాఠకుడు మేలు. నీ మాటంటే జల్లెడ పట్టుకుంటాను. సంతకం దగ్గర ఇలాటి ఏషాలెయ్యకు. నీ సంతకం గట్టిదని ఊరంతా అనుకుంటన్నారు."

ఊరు అనుకునేది నిజమే. నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పందిరి కింద నలభై ఏళ్ళు కూర్చున్నాను. భూమి అమ్మినా కొన్నా, రాసి ఇచ్చే మనిషి ఇతనేనని ఎవరో ఒకరు గుర్తుపట్టి సంతకం చెయ్యాలి. దూరాలనుంచి వచ్చినవాళ్ళకు ఆ ఒక్కరు దొరకరు. నేను చేసేవాణ్ణి. "రాసి ఇచ్చినవారు నాకు బాగా తెలిసినవారు." మొహం చూసేవాణ్ణి కాదు, కాగితమే చూసేవాణ్ణి. పార్టీ ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి చూపించేవాణ్ణి. నేను గుర్తుపట్టానంటే ఇక ఆ మనిషి ఉన్నట్టే. నా పందిట్లో అందరూ చేసేదే అది. తప్పని ఎవరికీ అనిపించలేదు. ఆ ఇంటూ గుర్తు మా బావకు నచ్చి, తన రిజిస్టర్లలో కూడా వెయ్యడం మొదలుపెట్టాడు.

ఇక ఆ ఫోను సంగతి.

ఉచితంగా సిమ్ములు పంచిన రోజులవి. జిల్లా కేంద్రంలో లైబ్రేరియన్లకు ఒకపూట శిక్షణ పెట్టారు. గ్రంథాలయాలు ముఖపుస్తకంలో పేజీ తెరవాలని ఒకాయన చెప్పాడట. తక్కినవాళ్ళు టీ తాగి, బిస్కట్లు తిని వచ్చేశారు. ఈయన ఒక్కడే దాన్ని మనసులో పెట్టుకుని వచ్చాడు.

"సూడు బావా," అన్నాడు మర్నాడు, అద్దం పగిలిన ఫోను నా మొహం ముందు పెట్టి. "గాజులమ్మే ఆడది ఏటి సేస్తాది? జనం ఎక్కడుంటే అక్కడికెల్లి మూట ఇప్పుతాది. మానాపురం సంతైతే మానాపురం, బొండపల్లి అయితే బొండపల్లి. ఇంట్లో కూకుని, రండర్రా రండర్రా అంటే వొస్తారేటి? జనం ఇప్పుడు దీంట్లో ఉన్నారు. నేనేమో తాళం తీసుకుని పెంకుటింట్లో కూకున్నాను. ఎవరిది తప్పు?"

"ఫోన్లో సినిమాలు సూసేవోడు నీ పుస్తకం సదువుతాడేటి?"

"సదవడు. పక్కన ఇంకొకడుంటాడు. మంచమ్మీదున్నోడు, కాపలా ఉద్యోగమోడు, గడప దాటనివ్వని కోడలు. ఆళ్ళు ఇక్కడికి రాలేరు బావా. ముప్పై ఏళ్ళు రాలేనోళ్ళ కోసమే ఎదురుసూసేనని ఇప్పుడు తెలిసింది."

పేజీ తెరిచాడు. రోజూ పొద్దున ఒక పుస్తకం బొమ్మ, కింద తాను చెప్పే ఆ ఒక్క మాట. మొదటి రోజే వందలమంది మెచ్చుకున్నారని నేను బజారంతా చెప్పాను. మెచ్చుకున్నది నేనొక్కణ్ణే. మూడు వారాలూ నేనొక్కణ్ణే. ఆయనకు అదే పని. ఫోను తీసి చూడడం, జేబులో పెట్టుకోవడం, మళ్ళీ తీయడం. సంత ముగిసినా అమ్ముడుపోని మూట భుజానికెత్తుకున్న గాజులామె మొహం పెట్టాడు.

అప్పుడు చేశాను నేనా పని. జాలి వల్ల అని చెప్పుకుంటూ వచ్చాను. సగం జాలి. తక్కిన సగం తుంటరితనం.

ఇంట్లో కూర్చుని నా ఫోన్లో ఇంకో ఖాతా తెరిచాను. పేరు ఉప్పుమడి. బొమ్మ, తెల్లటి ఉప్పుకుప్ప. ఊరు నౌపడ. కుర్రతనంలో ఒకసారి పర్లాకిమిడి పోతూ నౌపడలో బండి మారాను. కిటికీలోంచి ఉప్పుమడులు కనిపించాయి. ఆ ఊరితో నాకున్న పరిచయమంతా అదే. దూరం కదా, ఎవరూ వెళ్ళి చూడరనుకున్నాను. "నేను ఉప్పుమడుల్లో పనిచేసేవాణ్ణి. నడుం పడిపోయి మంచమ్మీద ఉన్నాను. మీరు పెట్టిన పుస్తకం చదవాలని ఉంది. ఎలా?" అని రాశాను.

మర్నాడు పదింటికి నేను వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పుస్తకం తెరిచి, రెండువైపులా రైలుపట్టాల కంకర రాళ్ళు బరువుగా పెట్టి, వంగి ఫొటో తీస్తున్నాడు. ఆరోజు ఆయన "సంతకం" అని కేక వెయ్యలేదు.

"వొచ్చాడు బావా," అన్నాడు. "రాలేనోడు వొచ్చాడు."

రోజుకు పది పేజీలు. పదకొండు నుంచి పన్నెండు దాకా వెలుగు బాగుంటుందని ఆ వేళలోనే తీసేవాడు. ఆ పది పేజీలూ రాత్రికి నా ఫోనులోకి వచ్చేవి. నేను చదివేవాణ్ణి. చదివానని బుకాయించడానికి చదివేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఆ గ్రంథాలయంలో కూర్చున్నానేగానీ పేపరు తప్ప నేను ఏదీ పూర్తిగా చదవలేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నా చేత మొదటి నవల చదివించింది మంచంలో ఉన్న ఒక లేని మనిషి.

పేజీలో ఉప్పుమడి అడిగేవాడు, ఆయన చెప్పేవాడు. అది చూసి నిజం మనుషులు రావడం మొదలుపెట్టారు. వేలల్లో వచ్చారు. వేలు కాదు, నలభై ఒక్కరు. వాళ్ళలో కొత్తవలసలో కిరాణాకొట్టు వాళ్ళ కోడలు ఒకామె. "సార్, కందిపప్పు తూసే మధ్యలో సదువుతన్నాను. మా మావగారు లెక్కలు సూసుకుంటన్నానని అనుకుంటన్నారు" అని రాసింది. ఆమెకు పుస్తకం కావాలంటే ఈయన బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు, అందిందో లేదోనని సాయంత్రం దాకా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె ఉప్పుమడిని బాబాయ్ అనేది. "బాబాయ్, ఈరోజు నడుం ఎలాగున్నాది?" అని ఊరూ పేరూ తెలియని మనిషిని రోజూ అడిగేది. నా నడుం సంగతి మా ఇంట్లో ఎవరూ అడగరు.

గ్రంథాలయాలకు ఫోనులో ఏం పనని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి నేను ఈ కొత్తవలస కోడల్నే చూపిస్తాను. ఆమె నిజం. అబద్ధం ఎక్కడన్నా ఉంటే అది నా దగ్గరే ఉంది.

తరువాత పేజీ మీద మాటలు పోయి, ఇద్దరి మధ్యా విడిగా ఉత్తరాలు మొదలయ్యాయి. ఆయన ఒంటివేలితో టైపు చేసేవాడు. పగలు బల్లకు అటూ ఇటూ కూర్చుని నాతో పరాచికాలాడేవాడు. పొద్దుగూకాక ఇంటికెళ్ళి, నాతో ఎన్నడూ చెప్పనివి ఉప్పుమడికి రాసేవాడు. పుట్టిన మూడోనాడే పోయిన కొడుకు గురించి రాశాడు. పేరైనా పెట్టలేదట. రిటైరయ్యాక పొద్దున్నే తాళంచెవి లేకుండా ఎలా లేవాలో తెలియడం లేదని రాశాడు. ఒకనాడు నా గురించి కూడా రాశాడు. "ఇక్కడ మా బావ ఒకడున్నాడు. కోతలరాయుడు. కానీ నాకున్నది ఆడొక్కడే. ఆడికి సెప్పకు."

ఆ మాట చదివి ఫోను బోర్లా పెట్టేశాను. నా మీద నాకే అసూయ కలిగింది. నాతో చెప్పుకోలేనిది, నేను కల్పించినవాడితో ఎలా చెప్పుకుంటాడు?

ఇంకొకటి రాశాడు. "గుండెకాడ పట్టేస్తన్నాది నేస్తం. మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు. ఇంట్లో సెప్పలేదు. బావకి సెప్తే ఊరంతా సాటింపేస్తాడు."

నాకు తెలిసింది, కానీ తెలిసినట్టు ఉండకూడదు. మర్నాడు బల్లకెదురుగా కూర్చుని, "ఏట్రా, మొహం వాడింది. డాక్టరుకి సూపించుకో," అన్నాను. "నీకేటి తెలుసు, పేపరు సదువుకో," అన్నాడు. ఆ రాత్రి ఉప్పుమడి గట్టిగా రాశాడు, వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్ళమని. "నువ్వు లేచి నడిసిన రోజున ఎల్తాను" అని జవాబు వచ్చింది.

నేస్తం అన్నాడని రాశాను కదా. మా వైపు నేస్తం అంటే ఉత్త స్నేహితుడు కాదు. ఇద్దరు మనుషులు నేస్తం కట్టుకుంటే అది పెళ్ళిలాగ గట్టి ముడి. కట్టుకున్నాక ఒకరినొకరు పేరుతో పిలవకూడదు, పేరు పైకి అనకూడదు. కొత్తబట్టా తీపీ పట్టుకుని ఒక్కసారైనా ఆ గడప తొక్కాలి. ఆయన ఫోనులోనే ఉప్పుమడితో నేస్తం కట్టాడు. "ఇద్దరికీ నేస్తాలెవరూ లేరు, కట్టీసుకుందాం" అని రాశాడు. సరేనని రాసింది నా వేలే. ఆయన పేరు ఇక్కడ ఎందుకు రాయలేదో ఇప్పటికి తెలిసుంటుంది.

ఆ తరువాత ఒకరోజు నా ముందు సభ్యత్వ కార్డు పెట్టాడు. ఉప్పుమడి, నౌపడ.

"అసలు పేరు లేకుండా మెంబరేటి బావా?" అన్నాను.

"నేస్తాన్ని పేరడక్కూడదు. రూలు కూడా తప్పకూడదు. పొరుగు జిల్లావోడు, మనిషిని నేను సూడలేదు. ఎవరైనా జామీను ఎట్టాలి." కళ్ళజోడు మీదనుంచి చూశాడు. "నౌపడలో నీకు తెలిసినోళ్ళున్నారని సెప్పేవు గదా. ఈ మనిషి ఉన్నాడేటి?"

నౌపడ ఉప్పు వ్యాపారులంతా నా చేతే దస్తావేజులు రాయించుకునేవారని ఎప్పుడో కోసిన కోత అది. ఆ క్షణంలో చెప్పేయవచ్చు. నవ్వేసి, తిట్లు తిని, టీ తాగి ఇంటికి పోవచ్చు.

"ఉన్నాడు. నాకు బాగా తెలుసు," అన్నాను. సంతకం పెట్టాను. నలభై ఏళ్ళ చెయ్యి, కాగితం చూడగానే దానంతటది కదిలింది.

ఆయన సిరా ఆరేదాకా ఊది, "సాలు," అన్నాడు. "నీ మాటైతే నమ్మను. సంతకం నమ్ముతాను."

వైశాఖమాసం. ఆయనకి రిటైరు అవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. మంగళవారం సాయంత్రం తాళం వేస్తూ అన్నాడు. "శుక్రారం సెలవు గదా, నౌపడ ఎల్తన్నాను. లైబ్రరీ సార్జీ అప్పజెప్పేలోపు ఆ పుస్తకమేదో సేతికే ఇచ్చి, కార్డు మీద సంతకం ఎట్టించుకుని వొస్తాను. ఫోన్లో పేజీలు సదివి సదివి ఆడి కళ్ళు పోతాయి. నువ్వూ రా బావా, నీకు తెలిసినోడే గదా."

"మోకాళ్ళు నొప్పిరా," అన్నాను.

ఇంటికి వచ్చి, ఉప్పుమడి చేత రాయించాను. "గురువారం నన్ను బరంపురం ఆస్పత్రికి తీసుకుపోతున్నారు. నడుముకి ఆపరేషను. రెండు నెలల దాకా ఇంటిదగ్గర ఉండను. రావద్దు నేస్తం." ఎంత తెలివి! ఆయన్ని ఆపేశానని హాయిగా పడుకున్నాను.

బుధవారం పదింటికి వెళితే గ్రంథాలయానికి తాళం. ముప్పై ఏళ్ళలో శుక్రవారం కాని రోజున ఆ తలుపుకి తాళం నేను చూడలేదు. తలుపు మీద మైదాజిగురుతో అంటించిన కాగితం. "ఈ రోజు గ్రంథాలయం తెరవబడదు. పాఠకుని వద్దకు వెళ్తున్నాను."

ఆస్పత్రికి పోయే నేస్తాన్ని ముందే చూడాలనుకున్నాడు. మా వైపు ఎవరైనా అలాగే చేస్తారు. అది నాకు తట్టలేదు. నేను కల్పించినవాడి నడుం గురించి నేనైతే కంగారుపడను కదా.

పన్నెండు దాటాక జేబులో ఫోను మోగింది. నా పేరున కాదు, ఉప్పుమడి పేరున. "నౌపడలో దిగాను. మీ ఇల్లెటు?"

నేను రాయడం మొదలుపెట్టాను. ఇటు రాస్తుంటే అటువైపు మూడు చుక్కలు కదులుతాయి. అవతలివాడు ఏదో రాస్తున్నాడని తెలుస్తుంది. "నేను బావని" అని రాశాను. తుడిపేశాను. "ఆస్పత్రికి ముందే వచ్చేశాం" అని రాశాను. తుడిపేశాను. ఒంటిగంటకు ఇంకోటి వచ్చింది. "రాస్తన్నావు గదా, ఎదురుసూస్తన్నాను. మంచమ్మీద మనిషెవరూ ఇక్కడ లేరంటన్నారు. ఇంటి గుర్తేదైనా సెప్పు."

ఫోను చేయవచ్చు. నా నంబరు నుంచి, నా గొంతుతో, "ఒరే బావా, నేనేరా, నీడలో కూకో" అనవచ్చు. ఎందుకు చెయ్యలేదని పది నెలలుగా నన్ను నేను అడుగుతున్నాను. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను, సిగ్నలు లేదనుకున్నాను. అవేవీ కావు. నా మాట ఆయన ఎప్పుడో జల్లెడ పట్టేశాడు. నా దగ్గర ఆయన నమ్మేది సంతకం ఒక్కటే. అది కూడా పోతే ఇక నేను ఆయన ముందు ఎలా కూర్చోను? దానికోసం చూసుకున్నాను. ఆయన గుండె సంగతి తెలిసి కూడా.

రెండు దాటాక ఆఖరిది వచ్చింది. "పర్లేదు నేస్తం. నువ్వున్నావు. మా బావ సంతకం ఎట్టినాడు. ఇంకోసారి ఎతుకుతాను."

సాయంత్రం ఎవరో ఆయన ఫోను నుంచే ఇంటికి చేశారు. ఉప్పుమడుల గట్టు మీద పడిపోయి కనిపిస్తే, కూలివాళ్ళు మంచినీళ్ళు పట్టించి స్టేషనుకి మోసుకొచ్చారట. బండి వచ్చేలోపే అయిపోయింది. ఆయన బావమరిదీ నేనూ జీపులో వెళ్ళాం. ప్లాట్‌ఫారం బెంచీ మీద పడుకోబెట్టి, మొహం మీద గోనెపట్టా కప్పారు. చెప్పుల నిండా తెల్లటి ఉప్పు. సంచిలో ధర చీటీ పీకని కొత్త తువ్వాలు, అరకిలో మామిడితాండ్ర, పుస్తకం. మిగతావి బావమరిది తీసుకున్నాడు. పుస్తకం నేను నా సంచిలో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు.

సంతాపసభ గ్రంథాలయంలోనే పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. "సచ్చేముందు ఆ నేస్తాన్ని సూసేడో లేదో," అని నలుగురితో అంటూ ఉంది. నేను లేచి, నౌపడలో కనుక్కున్నానని మొదలుపెట్టి చెప్పాను. చూశాడని చెప్పాను. తాటాకు గుడిసెలో, నులకమంచం మీద నేస్తం, పక్కనే ఈయన. తాండ్ర ముక్క విరిచి నోట్లో పెట్టాడని, పుస్తకం చేతికిచ్చాడని, నలభై పేజీలు పైకి చదివి వినిపించాడని. నేస్తం కన్నీళ్ళు పెట్టుకున్నాడని. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఏడ్చి, తేలికపడి ఇంటికి వెళ్ళింది. మాట్లాడడంలో అంత గొప్ప రోజు నాకు ఇంకోటి లేదు.

ఆ సభలోని మాట నమ్మే, ఎవరో రిజిస్టరులో ఆ పుస్తకం సభ్యుడికి అందినట్టు రాశారు. అందుకే పది నెలల తరువాత ఆ చిన్నపిల్ల జామీనుదారుకి కార్డు రాసింది.

పదిహేను రోజుల్లో పద్నాలుగు, ఆ పుస్తకం దాచిన ట్రంకుపెట్టె కేసి చూస్తూ గడిపాను. నిన్న పొద్దున పుస్తకం తీసి, ముందు ఆయన ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"రండి బావగారూ. మీ నౌపడాయన ఎలాగున్నారు? మిగతా పేజీలు ఎవరు సదివి పెడతన్నారో పాపం."

నిలబడే చెప్పాను. అంతా చెప్పాను. ఒక్కటీ పెంచలేదు, ఒక్కటీ తగ్గించలేదు. ఎండలో రెండోసారి ఎందుకు తిరిగాడో కూడా ఫోను తీసి చూపించాను. ఆవిడ చదివింది. చేట పక్కన పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండును.

"అయితే ఆకర్లో ఆయన్ని మనోళ్ళెవరూ సూడలేదేటి?" అంది.

నేను పుస్తకం ముందుకు చాచాను.

ఆవిడ పుస్తకం అందుకుని, అట్ట కొంగుతో తుడిచింది. తెరవలేదు. తిరిగి నా చేతిలో పెట్టింది. "ఇది లైబ్రరీది. ఇచ్చీండి." అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

గ్రంథాలయంలో చిన్నపిల్ల పుస్తకం తీసుకుని పేజీలు తిరగేసింది. మధ్యలోంచి సభ్యత్వ కార్డు జారి బల్లమీద పడింది. సంతకం పెట్టించుకోవడానికి ఆయన నౌపడ దాకా పట్టుకెళ్ళిన కార్డు. కింద జామీనుదారుగా నా సంతకం, చక్కగా, నల్లసిరాతో. సభ్యుడి సంతకం చోటు ఖాళీ. అక్కడ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు.

"మెంబరు సంతకమే లేదు సార్," అంది ఆ పిల్ల. "ఆయన రాలేదా?"

"వచ్చాడమ్మా," అన్నాను. "నేనే ఆ మెంబర్ని."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. అయినా దారంతో కట్టిన కలం నా వైపు జరిపింది. ఇంటూ గుర్తు దగ్గర సంతకం పెట్టాను.

చెయ్యి వణికిందని రాద్దామనుకున్నాను. వణకలేదు. నలభై ఏళ్ళ అలవాటు.